బయటికి బాణం లేని పెట్టె

దేవేంద్ర నగర్ నుంచి దారి పొడవునా హారన్ కొడుతూ లీలావతి స్కూటీ మీద వస్తుంది. ఆ మోత వినగానే రాయ్‌పూర్ వరి పరిశోధనశాలలో మాటలు ఆగిపోతాయి. కంప్యూటర్ ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసిన ఫైలును చదివి, పెట్టెలూ బాణాలతో దాని బొమ్మ గీసే ప్రోగ్రామ్ ఆమెదే. ఎవరైనా చేత్తో గీసి తెస్తే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ కాగితాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి బుట్టలో పడేస్తుంది. "మీ చేతులు అబద్ధాలాడతాయి, నా ప్రోగ్రామ్ ఆడదు," అంటుంది.

ఒకరోజు మీటింగులో అందరి ముందూ ఆ ప్రోగ్రామ్ గీసిన బొమ్మే ఉంది. అందులో ఒక పెట్టెలోకి బాణం వచ్చింది గానీ బయటికి పోలేదు, అంటే దాని ఫలితాన్ని తర్వాత ఏ పనీ వాడుకోవడం లేదు. పెట్టె మీద రాసి ఉన్నదైనా చదవకుండా లీలావతి, "ఎవడిదీ దండగ స్టెప్పు?" అని విరుచుకుపడింది.

"మీదే అక్కా," అన్నాడు ల్యాబులో పనిచేసే యోగేష్. "తప్పుడు రీడింగులు ఏరేసేది. మంచివి కూడా పోతున్నాయని వాడడం ఎప్పుడో మానేశాం."

"మరి ఫైల్లో ఎందుకుంచార్రా?"

"తీసేస్తే మీరు ఊరుకుంటారా? అంతే, నడవనిచ్చాం."

ఎవరూ నవ్వు దాచుకోలేదు. లీలావతి కళ్లజోడు నుదుటి మీదికి తోసింది. కాగితం దగ్గరికి లాక్కుని, తన పెట్టె నుంచి కింది పెట్టె దాకా పెన్నుతో బాణం గీసింది.