లవోనమ్మ చూడని కొండలు

ఓరిన్ ట్రెక్స్లర్ తన భార్య మీద తప్పు మోపింది పోలీసుల ముందు కాదు. సాయంత్రం కుర్చీల దగ్గర, చేతిలో చల్లటి బీరు పట్టుకుని, నవ్వుతూ మోపాడు.

మా మెస్కీట్ వాష్ పార్కులో ఎండ వాలగానే ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి గుండ్రంగా వేసుకుంటారు. చలికాలమంతా అరిజోనా ఎడారిలో గడపడానికి చక్రాల ఇళ్ళని, అంటే ట్రైలర్లని, బండ్ల వెనక తగిలించుకుని వచ్చిన ముసలివాళ్ళు. ఆ రోజు ట్రెక్స్లర్ల ట్రైలర్ పక్క రేకు చీలిపోయి, చక్రం పైన ఉండాల్సిన నేల చెక్క ముక్కలై వేలాడుతోంది. ఏమైందని అందరూ అడిగారు.

"ఏమవుతుంది? టైరు పేలింది," అన్నాడు ఓరిన్. "టైరు గాలి చూసే యంత్రం గొంతు చించుకుని అరుస్తుంటే, తెర చూసి చెప్పాల్సిన మా ఆవిడ ఊలు అల్లుకుంటూ కునుకు తీసింది. స్వెట్టరు మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందిలెండి!"

అందరూ నవ్వారు. ఆయన భార్య లవోనమ్మ కూడా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయిందట. తర్వాత లేచి లోపలికి వెళ్ళి ఊలు బుట్ట తెచ్చింది. దాన్ని మంటలో వేయలేదు, అంత నాటకం ఆమెకు చేతకాదు. బట్టలుతికే గదిలో ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపోయే అర ఒకటుంది. సూదులతో సహా అక్కడ పెట్టేసి వచ్చింది.

ఇదంతా నాకు తర్వాత ఒకరు కాదు, నలుగురు చెప్పారు. అప్పటికి నేను ఆసుపత్రిలో ఉన్నాను. పేలిన ఆ టైరు నుంచి ఊడొచ్చిన రబ్బరు పట్టీ చుట్టుకున్నది వెనకే వస్తున్న నా మోటార్ సైకిల్ ముందు చక్రానికే. అడవుల్లో మంటలార్పే దళంలో చేరడానికి పోతున్నాను. మోకాలు వంగనివాణ్ణి ఏ దళం చేర్చుకుంటుంది?

ట్రైలర్ లాగేవాళ్ళకి ఆ యంత్రం ఇంటి కాపలా కుక్కలాంటిది. ప్రతి టైరుకీ గాలి పట్టే చోట బొటనవేలంత బిళ్ళ బిగిస్తారు. డ్రైవరు ముందు చిన్న తెర పెడతారు. ఏ టైరులో గాలి ఎంతుందో, వేడి ఎంతుందో అది చూపిస్తుంది. హద్దు దాటితే కూస్తుంది. వెనక ట్రైలర్‌లో టైరు చచ్చినా లాగే బండిలో కూర్చున్నవాళ్ళకి తెలియదు కాబట్టి ఆ కూతే దిక్కు. మొగుడు నడుపుతాడు, పెళ్ళాం తెర చూస్తుంది. ఎవరూ రాయని చట్టం అది, మా వాళ్ళందరిదీ.

లవోనమ్మ అయోవాలో స్కూలు వంటశాలలో వండిపెడుతూ జుట్టు నెరిసిన మనిషి. చిన్నప్పుడు నాన్న మొక్కజొన్న లారీ కూడా నడిపిందట. పెళ్ళయ్యాక ఓరిన్ ఎప్పుడూ స్టీరింగ్ వదల్లేదు. నేను ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఒళ్ళో గిన్నె పెట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉంది. బంగాళదుంపల మీద చీజు కరిగించి కాల్చిన వాళ్ళ ఊరి వంటకం.

"నేను లవోన్‌ని, నాయనా. తెర చూడాల్సినదాన్ని నేనే," అంది. ముందు చెప్పింది అదే.

పొమ్మన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. నాకు ఎవరూ లేరని తెలిశాక, పార్కు వాళ్ళతో పోట్లాడి చెత్త ఎత్తే పని ఇప్పించింది, ఒక పాత చిన్న ట్రైలర్ చూపించింది. వాళ్ళు దక్షిణానికి వచ్చిన ప్రతి చలికాలం, ప్రతి పొద్దునా గిన్నె. గిన్నెతో పాటు ఒకే ప్రశ్న.

"మోకాలు ఎలా ఉంది?"

"వానొస్తే నొప్పి."

ఎడారిలో వాన రాదు. అయినా ఆ జవాబు విన్న ప్రతిసారీ ఆమె మొహం మీద ఎవరో చెయ్యి చేసుకున్నట్టు ఉండేది.

కునుకు తీసినట్టు గుర్తు లేదు, ఆ కూత తనకెందుకు వినపడలేదో ఆమెకి అంతుపట్టలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఈ వయసుకి చెవులు బాగానే ఉన్నాయన్నాడాయన. నమ్మలేదు. బతిమాలి రెండు చెవులకీ మిషన్లు పెట్టించుకుంది. అవి పెట్టుకున్నాక ఫోర్కు పళ్ళేనికి తగిలినా ఉలిక్కిపడేది. కుర్చీల దగ్గర ఆడవాళ్ళు కొందరు, "లవోన్, మా టైరు కూస్తోందేమో చూడవే!" అని వేళాకోళం. ఆమె నిజంగానే లేచి వెళ్ళి చూసొచ్చేది.

ఒకసారి వాళ్ళు ఉత్తరాన మంచు కొండల మీదుగా తిరిగొచ్చారు. ఎలా ఉన్నాయని ఆమెని అడిగాను.

"ఎడమ వెనక చక్రం అరవై ఆరు," అంది. "ఎక్కేటప్పుడు అరవై తొమ్మిది. దిగేటప్పుడు..."

"కొండలమ్మా. కొండలు."

"చూడలేదు నాయనా. తెర మీంచి కళ్ళు తీస్తే ఇంకెవరి కాలో పోతుంది."

దేశమంతా తిరిగిన మనిషి. చూసినదల్లా అంకెలు. ఓరిన్ ఆమె పక్కనే కూర్చుని, ఆమె అలా చదువుతుంటే వింటూ, వేల మైళ్ళు నడిపాడు. నా ట్రైలర్ గుమ్మం మాత్రం ఎప్పుడూ తొక్కలేదు. ముసలాడికి పొగరనుకున్నాను. బట్టలుతికే గదిలోని అర మీది పుస్తకాలన్నీ చదివి మనుషుల్ని చదవడం వచ్చేసిందనుకునేవాణ్ణి.

ఈ ఏడు పార్కులోకి ప్రూయిట్ అని కొత్తాయన వచ్చాడు. కొత్త ట్రైలర్, కొత్త తెర, కొత్త టోపీ. మిట్టమధ్యాహ్నం ఎండలో నూరు మైళ్ళు లాక్కొచ్చి ఆపాడో లేదో, గాలి ఎక్కువైందని తెర కూయడం మొదలెట్టింది. ఎండకి, రోడ్డుకి టైరు వేడెక్కితే గాలి ఉబ్బుతుంది, అది మామూలే. ఆయనకి తెలియదు. చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళ విప్పి, పుల్లతో నొక్కి గాలి వదులుతున్నాడు. స్స్‌స్‌మని చప్పుడు.

నేను చెత్త సంచులు లాగుతున్నాను. ఆ రోజు ఆలస్యమై, లవోనమ్మ అప్పుడే గిన్నెతో నా వైపు వస్తోంది. పక్కనే ఓరిన్ ట్రైలర్ తలుపు ధడేల్‌మని తెరుచుకుంది. సగం మొహాన గడ్డం గీసుకునే నురగతో, వట్టి కాళ్ళతో, కాలే కంకర మీద పరిగెత్తుకొచ్చాడు. ప్రూయిట్ చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఎవడు చెప్పాడయ్యా నీకు, వేడి టైరులో గాలి తీయమని?"

"అది కూస్తోందండీ, చెవులు పోతున్నాయి..."

"కూయనీ! ఇప్పుడు తీస్తావు. పొద్దున చల్లబడేసరికి టైరు మెత్తబడుంటుంది. తక్కువైంది మొర్రో అని మళ్ళీ కూస్తుంది. నీకేమో తొందర. పార్కులో మంచి జాగా పోతుందని తొందర. ఏం చేస్తావు? మీట నొక్కి, ఈ గాలే సరైన గాలి అని దానికి నేర్పేస్తావు. అంతే, ఇక అది నోరెత్తదు. మెత్తటి టైరు బరువుకి కాగి కాగి పేలిపోయేదాకా నోరెత్తదు!"

ప్రూయిట్ టోపీ సర్దుకున్నాడు. "అబ్బో, పక్కనుండి చూసినట్టు చెప్తున్నారే!"

ఓరిన్ చూపు ప్రూయిట్ భుజం మీదుగా వెనక్కి వెళ్ళి ఆగిపోయింది. అక్కడ లవోనమ్మ నిలబడి ఉంది.

"అయితే ఆ రోజు అది కూయలేదా?" అంది.

"లవోన్, లోపలికి పద. మాట్లాడుకుందాం."

"అప్పుడు ఇక్కడే చెప్పావుగా, నలుగురిలో. ఇప్పుడూ ఇక్కడే చెప్పు."

నురగ ఎండకి ఆరిపోయి చెంప మీద తెల్లగా పెళ్ళలు కట్టింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

"కూయలేదు," అన్నాడు. "పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు కూసింది. నేనే నోరు మూయించాను."

"నేను నిద్రపోయానా?"

"లేదు."

"మరేం చేస్తున్నాను?"

"నాకు ఆపిల్ ముక్కలు కోసి పెడుతున్నావు."

ఆమె గిన్నె నా చేతిలో పెట్టింది. చెవుల్లోని మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి తీసి ఓరిన్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ప్రూయిట్ ఎటు చూడాలో తెలియక టైరు వంక చూస్తున్నాడు. ఆమె వచ్చి నా ట్రైలర్ మెట్టు మీద కూర్చుంది.

"డేన్," అంది, చిన్నపిల్ల బడిలో జరిగింది చెప్పినట్టు. "నేను కాదట."

"విన్నానమ్మా."

"తిను. చల్లారిపోతుంది."

రెండు రోజుల తర్వాత ఓరిన్ మొదటిసారి నా గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏళ్ళ తరబడి నేను తిట్లు కూడబెట్టుకున్నాను, ఎవరి కోసమో తెలియకుండానే. ఇప్పుడు మనిషి దొరికాడు.

"మోకాలు..." అన్నాడు.

"వానొస్తే నొప్పి."

"ఇక్కడ వాన రాదుగా."

"రాదు."

తల ఊపి నేల చూశాడు. "ముందు నవ్వులాటకే అన్నాను. నువ్వు పడ్డావని తెలిశాక అది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడతో చెబుదామనుకునేసరికి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. చెవుల్లో అవి పెట్టుకున్నాక ఇంకెలా చెప్పను? ప్రతి మైలూ ఆ అంకెలు చదువుతుంటే... నన్నే చదువుతున్నట్టుండేది."

కూడబెట్టిన తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన వంగిన వీపు చూస్తే జాలేసిందని కాదు. ఆ వీపు లవోనమ్మది. అంతకాలం అలా వంగి నడిచింది ఆమె. దొంగ సరుకు ఇప్పుడు సొంతదారుకి చేరింది.

ఆమె మళ్ళీ కుర్చీల దగ్గరికి రాలేదు. ఆడవాళ్ళు కొందరు కేకులు తెచ్చారు, క్షమించమన్నారు. తీసుకుంది, గిన్నెలు కడిగి తిరిగి ఇచ్చింది. నాకు మాత్రం పొద్దున్నే గిన్నె ఆగలేదు. ఇక ఎందుకమ్మా అంటే, "చెయ్యి అలవాటు పడింది" అంది. మోకాలి సంగతి అడగడం మానేసింది.

ఎండలు ముదిరాయి. వాళ్ళు ఉత్తరానికి కదిలే పొద్దున వీడ్కోలుకి వెళ్ళాను. ఇంకా చల్లగా ఉంది, టైర్లలో గాలి చూడాల్సిన వేళ అదే. ఓరిన్ ఒక్కో చక్రం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, గేజి పెట్టి, ఎంతుందో పైకి చెబుతున్నాడు. లవోనమ్మ వెనకే నడుస్తూ, "మళ్ళీ చూడు" అంటోంది. అతను మళ్ళీ చూస్తున్నాడు.

తర్వాత ఆమె చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో ఎక్కింది. ఓరిన్ పక్క సీట్లో, తెర ఒళ్ళో పెట్టుకుని. కళ్ళజోడు సరిచేసుకుంటున్నాడు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయన వింటున్నాడని తెలిసే అడిగాను.

"ఇంకా ఈయనతోనే వెళ్తావా అమ్మా?"

ఆమె అద్దం సరిచేసింది. "ఆ కూత ఇంకా నా చెవిలో ఆగలేదు నాయనా. అసలు రాని కూత. నిద్రలో లేచి కూర్చుంటున్నాను."

"మరి?"

"మరేముంది. ఇకనుంచి ఆయన చదువుతాడు, నేను వింటాను. కళ్ళు ఆనవు, ఊరికో తప్పు చదువుతాడు, మళ్ళీ చదవమంటాను," అంది ఇంజను ముట్టిస్తూ. "ఆ మంచు కొండలు ఏ మలుపులో వస్తాయో కూడా నాకు తెలియదు. ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం చదవడం ఆపమంటాను."