కడాన వచ్చినోళ్ళతో మళ్ళీ ఏడ్వాల

బుక్కరాయసముద్రం బస్టాండు కాడ బజ్జీల భద్రమ్మ అంగడి యాడ అని ఎవుర్నీ అడగాల్సిన పనిలేదు. నూనె వాసన కంటే ముందు ఆయమ్మ నోరే వినపడతాది. "ఉగ్గాని సల్లారిందా? నువ్వు పొద్దెక్కినంక లేసొస్తే అది నీకోసం పొయ్యిమీదనే కూసోనుంటాదా?" అని ప్లేటుతో పాటు తిట్టు గూడా వడ్డిస్తాది. అయినా జనం ఆడికే పోతారు. మిరపకాయ బజ్జీ తినేవాడు ఘాటుకు భయపడితే ఎట్లప్పా!

ఆ కోపం పుట్టుకతో వచ్చింది గాదు. కువైట్ నుంచి వచ్చేవాళ్ళు దుప్పట్లు, సెంటు సీసాలు తెచ్చుకుంటారు గదా, ఈయమ్మ కోపం తెచ్చుకునింది. ఏండ్ల తరబడి ఆడ ఒకరింట్లో వంట చేసింది. ఫోన్ చేసి "నాయనకియ్యి" అని అడిగినప్పుడల్లా వాళ్ళన్నది ఒకటే పాట: "నాయన శెనక్కాయ చేనుకు పోయినాడు." ఎండాకాలంలో గూడా అదే! మన అనంతపురం చేన్లలో ఎండాకాలం ఏముంటాదప్పా, దుమ్ము తప్ప? రైతుబిడ్డకు ఆ మాత్రం తెలీదా? తెలుసు. అయినా నమ్మింది. నమ్మకపోతే ఆ పరాయి వంటింట్లో కాళ్ళు నిలబడవు గదా. నాయనకని కొత్త చెప్పులు కొనుక్కోని వచ్చి, ఆటో దిగతానే "నాయనా!" అని కేకేస్తే, అన్న గోడ దిక్కు చెయ్యి చూపించినాడు. గోడకు వాళ్ళ నాయన సోమప్ప ఫోటో. దానికేసిన దండ గూడా ఎండిపోయి ఉండాది.

"ఊరంతా ఏడ్చి మర్చిపోయినంక నేనొక్కదాన్నే ఏడ్చినా. నాతో తోడేడ్చేదానికి ఎవురికీ కన్నీళ్ళు మిగల్లేదు" అంటాది. ఆ మాట అన్నప్పుడు మాత్రం అరవదు.

ఇంక అసలు సంగతికొస్తా. మా పక్క గల్ఫుకు మనిషిని పంపిన ఇండ్లు తక్కువేం గాదు. కృపాకుమారి మేడం అని, నర్సు పని చేసి రిటైరైన మనిషి, ఆ ఇండ్లోళ్ళందర్నీ ఆదివారం ఆదివారం తన వరండాలో కూసోబెడతాది. మనసులో ఉండేది చెప్పుకోవాల, ఏడుపొస్తే ఏడ్వాల. ఒకటే కట్టుబాటు: ఈడ చెప్పింది ఈ గడప దాటగూడదు. భద్రమ్మ ఆ కట్టుబాటుకు చెయ్యెత్తినోళ్ళలో మొదటిది.

ఆ ఆదివారం ప్రతాప్ వచ్చినాడు. వాని అక్క సువర్ణ కువైట్లో ఇంటిపని చేస్తాది. వాళ్ళమ్మ బయమ్మ ఆ వారంలోనే చచ్చిపోయింది. మట్టి చేసొచ్చినారు. ప్రతాప్ తల వంచుకోని మెల్లగా చెప్పినాడు:

"అక్కకు చెప్పలేదు. ఆడ యజమానులు ఎట్లా పంపీరు. ఆడ ఏడ్చుకుంటా కూసుంటే వాళ్ళతో మాటలు పడాల. అమ్మకు చెవి నొప్పి, డాక్టరు ఫోన్ వద్దన్నాడని చెప్పినా. వచ్చినంక చూస్తాంలే."

"మంచి పని చేసినావు నాయనా. దూరాన ఉండే మనిషిని యాల నలిపేది?" అనింది సునంద. ఆమె మొగుడు దుబాయిలో ఉన్నాడు. పక్కనోళ్ళు గూడా తలూపినారు.

భద్రమ్మ కుర్చీ కిర్రుమనింది.

"చెవి నొప్పంట! ఒరే ప్రతాపా, ఎవురికిరా నొప్పి? మీయమ్మ చెవికా, నీ నోటికా?"

"అత్తా, నా మాట..."

"నీ మాట నేను ఎప్పుడో విన్నాలే. శెనక్కాయ చేను మాట అది! ఏం సునందా, రేపు నీకేమన్నా అయితే నీ మొగునికి గూడా చెవి నొప్పనే చెప్పమంటావా?"

"అక్కా, శకునం పలకద్దు!" అని సునంద చెంగు నోటికడ్డం పెట్టుకునింది.

"భద్రమ్మక్కా, కూసో" అనింది మేడం. "ఇంటోళ్ళ ఇష్టం అది. ఈడ చెప్పిన మాట బయటికి పోగూడదని మనమే గదా అనుకునింది."

"బయటేంది మేడం? సువర్ణ బయట మనిషా? ఈ కుర్చీలు వేసిందే అట్లాంటోళ్ళ కోసం గదా! ఆ పిల్లను ఏమార్చేదానికా మనం గుంపు గూడింది? అట్లైతే నా కుర్చీ తీసెయ్యండి. నేను పోయి బజ్జీలేసుకుంటా."

అంతలో ప్రతాప్ జేబులో ఫోన్ మోగింది. సువర్ణ! ఆదివారం వాళ్ళ యజమానులు భోంచేసి పండుకునే పొద్దులో చేస్తాది. వాడు లేసి బయటికి పోబోయినాడు. భద్రమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఈడనే మాట్లాడు. మేం గూడా వింటాం నీ అబద్ధం."

వాడు స్పీకర్ నొక్కినాడు.

"తమ్ముడూ, అమ్మకెట్లుండాది?"

"బాగుందక్కా... పండుకోనుండాది."

"లేపద్దులే. ఫోన్ అమ్మ ముక్కు కాడ పెట్టు. ఊపిరి విని పెట్టేస్తా."

భద్రమ్మ వాని చేతిలో ఫోన్ లాక్కునింది.

"సువర్ణా, నేను బజ్జీల భద్రమ్మత్తను. మీయమ్మ లేదు తల్లీ. మంగళవారం పోయింది. నిద్రలోనే పోయింది, ఏం కష్టపడలేదు. మట్టి చేసినారు."

అవతల తలుపు మూసిన సప్పుడు. కొళాయి నీళ్ళ సప్పుడు. ఆ నీళ్ళ ఎనక, గుడ్డ నోట్లో కుక్కుకున్నట్టు, సన్నగా ఒక మూలుగు.

ఆ మూలుగు ఏందో భద్రమ్మకు తెలుసు. పరాయింట్లో గట్టిగా ఏడ్చే హక్కుండదు.

"చూసినావా, ఎంత పని చేసినావో!" అనింది సునంద.

"నువ్వు నోరు మూయ్! మన పక్క చావింటికి కడాన వచ్చినోళ్ళతో ఇంటోళ్ళు మళ్ళీ ఏడ్వాల, అవునా కాదా? ఆ పిల్ల ఫోన్లో ఇప్పుడొచ్చింది. వాకిట్లో నిలబడుండాది. పట్టుకోని ఏడ్చేవాళ్ళు యారీ?" అని, ఫోన్ నోటికాడ పెట్టుకునింది. "సువర్ణా, నువ్వు గుడ్డ తియ్యద్దు. నీ బదులు మేం అరుస్తాం."

అని శోకం ఎత్తుకునింది చూడండీ, వీధంతా అదిరింది!

"అమ్మా... నీ సువర్ణ వచ్చినాదే అమ్మా... సముద్రం దాటి వచ్చినాదే... నాకు జొన్నరొట్టె కాల్చిపెట్టే చేతులు యాడబోయినాయే అమ్మా..."

ముందు ఆమె ఒక్కతే. తర్వాత మేడం అందుకునింది. తర్వాత, మీరు నమ్మరు, సునంద లేసొచ్చి భద్రమ్మ మెడ పట్టుకోని, అందరికంటే గట్టిగా శోకం తీసింది. వీధిలో పోయేవాళ్ళు ఎవురు పోయినారోనని తొంగిచూసినారు.

శానాసేపటికి ఫోన్లో నీళ్ళు ఆగినాయి.

"అత్తా, యజమానురాలు పిలుస్తాంది" అనింది సువర్ణ, గొంతు సవరించుకోని. "పోతా. తమ్ముడు ఏడ్చినాడా?"

భద్రమ్మ వాని దిక్కు చూసింది. మట్టి చేసిన దినం గూడా పనులన్నీ నెత్తినేసుకోని కన్ను తడవనీయని వాడు, ఇప్పుడు స్తంభానికి ముఖం ఆనించి ఎగెగిసి పడతాండాడు.

"ఏడుస్తాండాడులే తల్లీ. నువ్వు పో."

ఫోన్ పెట్టేసి వాని కాడికి పోయింది. వాడు ఆమె భుజం మీద తల పెట్టినాడు. తోసెయ్యలేదు. ఈపు మాత్రం గట్టిగా ఒకటి చరిచింది.

"ఏడ్సు, బాగా ఏడ్సు. నా కోపం తగ్గిందనుకుంటాండావేమో. తగ్గలేదురా."