బేకరీ వెనక ఇల్లు

జనవరి రెండో వారం, సోమవారం, మధ్యాహ్నం 1:10. బేస్ గేటు దగ్గర మైనస్ పంతొమ్మిది. విండ్సర్‌లో ఉదయం అయిదింటికి బయలుదేరి ఎనిమిది గంటలు డ్రైవ్ చేశాను. స్టోర్స్‌లో సంతకం పెట్టించుకుని ఒక దళసరి పార్కా కోటు, రెండు జతల గ్లవ్స్, మంచు బూట్లు, ఒక హెల్మెట్ ఇచ్చారు. ఆ హెల్మెట్ ఆరు నెలలూ నా మంచం కిందే ఉంది.

నేను చేసిన యుద్ధం ఒంటారియోలోనే జరిగింది. ఈ మాట చెబితే మనవాళ్ళు నవ్వుతారు. నార్త్ యార్క్‌లో బ్యాంక్ ఐటీలో పనిచేసే నా స్నేహితుడు ఆరోజే ఫోన్ చేసి, "ఉద్యోగానికి లీవ్ పెట్టి ఇంకో ఆఫీసుకెళ్తున్నావ్, అంతేగా?" అన్నాడు. కాదని గట్టిగా అనలేకపోయాను. చదువుకోడానికి ఈ దేశం వచ్చాను, సిటిజన్‌షిప్ వచ్చాక ఇక్కడి సైన్యం రిజర్వ్‌లో చేరాను. నా పని మ్యాపులు గీయడం.

ఆ మ్యాపులు ఏ ఊరివో చెప్పకూడదని సంతకం పెట్టాను. నది ఒడ్డున, ఎడారి అంచున, ఒంటారియో గడియారం కంటే ఎనిమిది గంటలు ముందుండే ఊరు. రెండేళ్ళుగా ఒక సాయుధ ముఠా చేతిలో ఉంది. ఆ దేశపు సైన్యం పేట తర్వాత పేటను విడిపించుకుంటూ లోపలికి వెళ్తోంది. పైనుంచి తీసిన ఫొటోలు మాకు వచ్చేవి. మేం ప్రతి ఇంటికీ ఒక నంబరు వేసేవాళ్ళం. కొన్ని నంబర్లు విమానాలు కొట్టాల్సిన జాబితాలోకి వెళ్ళేవి, కొన్ని ముట్టకూడని జాబితాలోకి.

కిటికీలు లేని గది. ఫోన్లు బయట లాకర్‌లో పెట్టాలి. లోపల నలుగురం. మేజర్, ఫొటోలు చదివే సార్జెంట్, నేను, భాషా సలహాదారు. ఈ నాలుగో ఆవిడ ఆ ఊరావిడే. అక్కడి ఆడపిల్లల బడిలో జాగ్రఫీ చెప్పేది. శరణార్థిగా వచ్చి విండ్సర్‌లోనే ఉంటోంది. మిగతావాళ్ళు మేడమ్ అంటే, నేను ఆంటీ అన్నాను. మనవాళ్ళలో ఆ పిలుపుకి అర్థం చెబితే ఆవిడకి నచ్చింది. ఆవిడ చెల్లెలు, చెల్లెలి ఇద్దరు కూతుళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. మొదటిరోజే మేజర్‌కి ఆ సంగతి రాసి ఇచ్చింది.

నాకు ప్రతిదీ తెలియాలి. మిద్దెల మీద ఆ నల్ల చుక్కలేమిటి? నీళ్ళ ట్యాంకులు. ప్రతి వాకిట్లో గుండ్రటి నీడ ఎందుకు? కంబళి పండ్ల చెట్టు. శుక్రవారం సందులన్నీ ఎందుకు ఖాళీ? ఆంటీ ఓపిగ్గా చెప్పేది. సార్జెంట్ విసుగొచ్చి నాకు రోజుకి పది ప్రశ్నల కోటా పెట్టింది. భోజనం వేళకే అయిపోయేవి.

సార్జెంట్‌ది సస్కాచెవాన్. రోడ్లన్నీ గళ్ళ నోటుపుస్తకంలా నిలువూ అడ్డమూ ఉండే ప్రాంతం. "ఫార్మసీ ఎదురు సందు, జనరేటర్ దాటాక" అంటూ మేం మ్యాపు గీసే ఊరివాళ్ళు పంపే కబురు చదివి తల పట్టుకునేది. నాకు మాత్రం ఖమ్మం వెళ్ళినట్టుండేది. మా ఇంటి గోడ మీద 4-2-117 అని ఉంటుంది. అది కరెంటు బిల్లు కోసం. మనుషులకైతే వాటర్ ట్యాంకు ఎదురు సందు, పిండిమర పక్కన. అందుకని అలాంటి కబుర్లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

పదో వారం, గురువారం, 10:15. ఆంటీ ఫోన్ చూసుకోడానికి లాకర్ దగ్గరికి వెళ్ళింది. ఫోన్ పట్టుకుని కోటు లేకుండానే ఆరుబయటికి వెళ్ళి తిరిగొచ్చింది. జుట్టు మీద మంచు. చెల్లెలి వాయిస్ మెసేజ్ వచ్చింది. తమ ఇల్లు కూలితే వేరే ఇంట్లోకి మారారు. పంతొమ్మిది మంది కింది గదిలో ఉన్నారు. బేకరీ వెనక ఇల్లు.

మర్నాడు తెల్లవారుజామున సైన్యం ఆ పేటలోకి వెళ్తుంది. 11:00కి జాబితా మూసేస్తారు. నలభై అయిదు నిమిషాలు.

సార్జెంట్ ఫొటో తెరిచింది. బేకరీ షట్టర్ మెయిన్ రోడ్డు వైపు, ఉత్తరానికి ఉంది. కాబట్టి వెనక అంటే దక్షిణం. నంబరు 311. 311 మిద్దె మీద మెషిన్ గన్ ఉంది. అది మూడు రోజుల నుంచి కొట్టాల్సిన జాబితాలో ఉంది.

మేజర్ లైన్ కలిపాడు. అక్కడ సైన్యంతో ఉంటూ ఇటూ అటూ కబురందించే మా లయజన్ అధికారి గొంతు వినిపించింది.

"311 ఉంటే మావాళ్ళు ఆ రోడ్డు దాటలేరు. ముందు వరసలో నూరుమంది ఉన్నారు. జాబితాలోంచి తీసెయ్యమంటే తీసేస్తాను, కానీ ఖాయంగా చెప్పండి."

మేజర్ ఆంటీ వైపు చూశాడు. ఆవిడ ఫొటో మీదికి వంగి సందుల వెంట వెతుకుతోంది. ఏదో సరిపోవడం లేదని నాకు తోచింది. పిండిమరకి మా నాన్న ఎప్పుడూ పక్క సందులోంచే వెళ్ళేవాడు. రోడ్డు మీది గుమ్మం ఊరికి కొత్తవాళ్ళ కోసం.

"ఆంటీ, మీరు రొట్టె ఎటువైపు నుంచి కొనేవారు?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. "సందులోంచి. పొయ్యి కిటికీ దగ్గర. రోడ్డు వెడల్పు చేశాకే ఆ షట్టర్ వచ్చింది. మేం అటు వెళ్ళేవాళ్ళమే కాదు."

సందు పడమర వైపు. పాత ఫొటోలో పొగగొట్టం పడమర మూలనే ఉంది. కింద, జనం నిలబడ్డానికి రేకు పందిరి. అంటే ఆ పేటవాళ్ళకి బేకరీ ముఖం పడమర. వెనక అంటే తూర్పు. నంబరు 316.

"నీకెంత నమ్మకం?" అన్నాడు మేజర్. అప్పుడు 10:52.

"అది మా ఊరైతే పూర్తి నమ్మకం సార్."

"అది మీ ఊరు కాదు."

"316 సార్," అన్నాను. నా చెమట వాసన నాకే తెలుస్తోంది.

316 ముట్టకూడని జాబితాలోకి వెళ్ళింది. దానికి దెబ్బ తగలకుండా 311కి బాంబు సైజు తగ్గించారు. 10:58కి మేజర్ సంతకం పెట్టాడు. ఆంటీ ఆ రోజంతా ఫోన్ లాకర్‌కీ గదికీ మధ్య తిరుగుతూనే ఉంది. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను.

శుక్రవారం, 9:20. కొత్త ఫొటో వచ్చింది. అక్కడ సాయంత్రం. పేట సైన్యం చేతికొచ్చింది. 311 రాళ్ళకుప్ప. 316 నిలబడే ఉంది. దాని గేటు నుంచి మనుషులు వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి రాళ్ళు అందిస్తున్నారు. ఆంటీ వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు మంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

"చూడు, అప్పుడే వాకిలి శుభ్రం చేసుకుంటున్నారు," అంది సార్జెంట్. ఆరోజు పొద్దున మేమంతా పారలతో గుమ్మం ముందు మంచు ఎత్తిపోసి వచ్చాం. అందరికీ ఆ మాట సబబుగానే అనిపించింది. మధ్యాహ్నం చెల్లెలి నుంచి మెసేజ్ వచ్చింది. ముగ్గురూ క్షేమం. ఆరోజు నా పది ప్రశ్నల్లో ఒక్కటీ వాడలేదు.

జూలైలో విండ్సర్ తిరిగొచ్చాను. హైవే మీద మొక్కజొన్న చేలు. మా ఆవిడ హెల్మెట్ చూసి, "గీత కూడా పడలేదేంటండీ, మళ్ళీ రిటర్న్ చేసేయొచ్చు," అని నవ్వింది. ఉద్యోగంలో పడ్డాను. నలుగురూ అడిగితే పొయ్యి కిటికీ కథ చెప్పేవాణ్ణి. గొప్పగానే చెప్పేవాణ్ణి.

రెండేళ్ళకి ఆంటీ చెల్లెలు కూతుళ్ళతో విండ్సర్ వచ్చింది. మమ్మల్ని భోజనానికి పిలిచారు. అన్నం, మాంసం, వంకాయ. చెల్లెలికి ఇంగ్లీషు ఇంకా రాదు, ఆంటీ అటూ ఇటూ తర్జుమా చేసి చెబుతోంది. నేను ఉత్సాహంగా 311 గురించి ఎత్తాను. చెల్లెలికి అర్థం కాలేదు. ఆవిడకి ఆ నంబరు తెలిసే అవకాశమే లేదు. అందుకని రోడ్డు షట్టర్‌కి వెనక ఉండే ఇల్లు అని వివరించాను.

"ఓ, బేకరీ ఆయన ఇల్లు," అంది.

మిద్దె మీద గన్ పెట్టినవాళ్ళు ఆయన్ని కింద ఇంట్లోనే ఉంచేశారట. వాళ్ళకి రొట్టెలు కావాలి కదా. వాళ్ళ రొట్టెలయ్యాక ఆయన రెండోసారి పిండి కలిపి, గోడ మీంచి వీళ్ళ పంతొమ్మిది మందికీ అందించేవాడట.

"ఆ సాయంత్రం ఆయన కోసమే రాళ్ళు తీశాం," అంది చెల్లెలు.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. దొరికాడా అని అడిగాను. మర్నాడు దొరికాడనీ, అప్పటికే పోయాడనీ ఆంటీ చెప్పింది. చెల్లెలు నా పళ్ళెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. మిద్దెల మీద చుక్కల గురించీ చెట్ల నీడల గురించీ అన్నేసి ప్రశ్నలు అడిగిన నేను, 311లో ఎవరుంటారని ఒక్కసారీ అడగలేదు.

ఆ ఫొటో ఇప్పుడు నా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. అయినా రోజూ కనిపిస్తుంది. పైనుంచి ముఖాలు తెలియవు, తలలూ పొడుగాటి సాయంత్రపు నీడలూ మాత్రమే. కుప్ప నుంచి గేటు దాకా పద్నాలుగు మంది. ఆ చివర, గేటు దగ్గర ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల దాకా రాయి ఇంకా రాలేదు. రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి ఉంది.