నాయన కల్లు, వెండి నలుసులు

పక్క ఊళ్లో ఎవరో మత్తుమందు కలిపిన కల్లు తాగి మంచాన పడ్డారట. ఆ మాట మా ఊరు గొల్లపల్లి దాకా పాకేసరికి మా నాయన కల్లు దుకాణానికి కూడా మనుషులు రావడం తగ్గింది. ఇన్నేళ్లుగా తాటిచెట్లు గీస్తూ ఎవరిచేతా మాట పడని మనిషి ఆయన. ఒకనాడు వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"జగిత్యాల కాలేజీల మిషన్ ఉన్నదంటివి గదా బిడ్డా. మన కల్లు దాంట్ల పెట్టి చూడు. ఏం లేదని చెప్పు, సాలు."

నేను అక్కడ కెమిస్ట్రీ చెబుతాను. ఆ మిషన్ పదార్థం మీద లేజర్ కాంతి వేసి, తిరిగొచ్చే వెలుగులో ఆ పదార్థానికే సొంతమైన గీతలు చూపిస్తుంది. పదార్థం రవ్వంతే ఉంటే గీత కనపడదు. అందుకని కంటికి ఆనని వెండి నలుసులున్న నీళ్లు కలుపుతాం. మత్తుమందు వెళ్లి వెండికి అంటుకుంటే దాని గీత ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు నీళ్లలో కలిపితే మందు గీత భలేగా కనిపించేది. కల్లులో మాత్రం ఎందుకు కనపడదు అనుకున్నాను, కాస్త పొగరుగానే.

నాయన కల్లు పడగానే వెండి నీళ్లు నల్లబడి, నలుసులు అడుగున పేరుకున్నాయి. పరీక్షే పాడైంది, మందుదే కాదు, అసలు ఏ గీతా లేదు, గీరా లేదు. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. కోపమొచ్చింది, ఎందుకిలా అన్న ఆరాటం అంతకంటే ఎక్కువైంది. ఇంటికెళ్లి అడిగితే నాయన తాపీగా చెప్పాడు.

"బస్సుల పోయేసరికి పులుస్తదని లొట్టి కుండకు సున్నం జర ఎక్కువనే పూసిన."

ఆ సున్నమే వెండి నలుసుల్ని ముద్ద కట్టించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సున్నం లేని కల్లు తెచ్చుకున్నాను. ఈసారి కల్లులోని తీపి, పులుపు, మడ్డి అన్నీ ముందే పోయి వెండిని కమ్ముకున్నాయి, మందుకు ఇక చోటేది? వడకట్టి, నీళ్లు కలిపి పలుచన చేశాను. అలా చేస్తే మందు ఉన్నా అదీ పలుచనవుతుంది. సరిచూసుకోవడానికి వేరే గిన్నెలో కొంత కల్లు పోసి నేనే మందు కలిపాను. గీత వచ్చింది! మందు తగ్గిస్తూ పోయాను. ఒక హద్దు దాటాక గీత మాయమైంది. మందు ఉందని నాకు తెలుసు, మిషన్‌కు తెలియదు. నాయన గీసిన కల్లులో మాత్రం ఎన్నిసార్లు చూసినా ఆ గీత లేదు.

సంబరంగా ఇంటికొచ్చి చెప్పాను.

"అయితే లేదన్నట్టేనా?" అన్నాడు నాయన.

"మిషన్‌కు కనపడలే నాయినా. మరీ జరంత ఉంటే దానికి దొరకది. లేనే లేదని అది అనది."

చెట్టెక్కే మోకు సర్దుకుంటున్న ఆయన చేతులు ఆగాయి.

"నేనైతే లేదనే అంట," అన్నాను గబగబా.

"నువ్వు నా బిడ్డవు. మిషన్ అనకుంటే నీ మాట ఎవ్వలు నమ్ముతరు?" అని మోకు భుజాన వేసుకుని చెట్ల దిక్కు వెళ్లిపోయాడు.