ఉత్త నీళ్ల ఎలుకలు

ఉప్పల్‌లో వడ్రంగి దుకాణం దాటుతుంటే, రంపపు పొట్టు వాసనకు ఇప్పటికీ మా బాపు చొక్కానే గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు, తెలంగాణ రాష్ట్రం రాకముందు, ఆయన నాచారంలో ఒక మందుల కంపెనీలో తెల్ల ఎలుకల బోన్లు కడిగి, పొట్టు పరిచేవాడు.

సగం ఎలుకలకు కొత్త మందు, సగానికి ఉత్త నీళ్లు పోస్తారని చెప్పాడు. తిండీ బోనూ అన్నిటికీ ఒక్కతీరే.

"గట్లయితేనే మందు ఏం జేసిందో ఎరుకైతది బిడ్డా."

మందు తాగినవి చచ్చిపోతాయని నాకు అర్థమైంది. నీళ్లు తాగినవాటిని వదిలేస్తారనుకున్నాను. ఒకటి తెమ్మని చెప్పి, అట్టపెట్టెకు గాలి కోసం బొక్కలు పెట్టి ఉంచాను.

ఆ పరీక్ష ముగిసిన రోజు బాపు వట్టి చేతులతో వచ్చాడు.

"నీళ్ల ఎలుకలేవి బాపూ?"

"మేడిపల్లి చేన్లల్ల ఇడిసిపెట్టిన."

ఆ పూట ఆయన చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. అన్నం సగంలో వదిలేసి లేచాడు.

పోల్చి చూడాలంటే రెండు గుంపులనూ చంపి కోసి చూడాల్సిందేనని, బోనులోంచి తీసి అందించేది బాపులాంటివాళ్లేనని డిగ్రీలో తెలిసింది. అంతకుముందు ఊరికి వెళ్లినప్పుడల్లా, బస్సు మేడిపల్లి దాటుతుంటే చేలల్లో తెల్లగా ఏమైనా కదులుతుందేమోనని వెతికేదాన్ని.

పక్కన కూర్చున్న బాపు కూడా నాతోపాటు వెతికేవాడు.