తమ్ముడు పోయాడని చెప్పిన ఐడెల్లా

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, నల్లవాళ్ల పేటలో, ఆ వీధివాళ్లకి ఆసా టార్ప్లీ అంటే లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. ఒకప్పుడు నది ఒడ్డు సారా కొట్లలో అతను పియానో ముందు కూర్చుని బ్లూస్ పాటలు, చిందులేయించే బూగీ వాయిస్తే ఎడమచెయ్యి రైలులా పరిగెత్తేదనీ, చికాగో వెళ్లి నాలుగు పాటలు రికార్డు చేశాడనీ, అవి అమ్ముడుపోకముందే కంపెనీ మూతపడిందనీ తెలిసినవాళ్లు తక్కువ.

అక్క ఐడెల్లాకి తెలుసు. కానీ ఆమె భర్త చర్చిలో పెద్ద. ఆ ఇంట్లో బ్లూస్ అంటే సైతాను పాట. తమ్ముడికి వెనకగది ఇచ్చిన రోజే ఆమె తేల్చి చెప్పింది.

"ఈ పియానో మీద కీర్తనలు తప్ప ఇంకోటి వినపడిందా, నీ పెట్టె సర్దుకోవడమే."

"సరే అక్కా. కీర్తనలే కొంచెం హుషారుగా వాయించొచ్చా?"

"వాయించకూడదు."

పందొమ్మిదివందల అరవై ఒకటి వసంతంలో ఒక శనివారం, చర్చి ఆడవాళ్లు ముందుగదిలో భోజనానికి కూర్చుని ఉండగా ఇద్దరు తెల్లకుర్రాళ్లు తలుపు తట్టారు. ఐడెల్లా వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బూగీ వాయించే ఆసా టార్ప్లీగారు ఇక్కడే ఉంటారా అమ్మా? ఆయన పాత రికార్డు ఒకటి దొరికింది. మళ్లీ వాయిస్తారేమో అడుగుదామని రెండేళ్లుగా వెతుకుతున్నాం."

లోపల పళ్లేల చప్పుడు ఆగినట్టనిపించింది ఆమెకి.

"పోయాడు" అంది గొంతు తగ్గించి. "చాలా ఏళ్లయింది."

పొడుగాటి కుర్రాడు టోపీ తీసేశాడు. "అయ్యో" అన్నాడు, సొంతవాళ్లు పోయినట్టు. ఆ మొహం ఆమెని వదల్లేదు.

ఆ పూట తమ్ముడి పళ్లెంలో రెండు కోడిముక్కలు ఎక్కువ వేసింది. అతను ఏమీ అడగకుండా తిన్నాడు. ఆ తరవాత అతను బల్ల మీద వేళ్లు ఆడిస్తున్నా ఆమె కసరలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఎనిమిదేళ్లు గడిచాయి. భర్త కాలం చేశాడు. ఒకరోజు ఆసా మంగలిషాపు నుంచి కొత్త రికార్డు ఒకటి పట్టుకొచ్చాడు. అందులో అతని పాత పాట ఒకటుంది. అట్ట వెనక అతను సెయింట్ లూయిస్‌లోనే చనిపోయాడని రాసి ఉంది.

"చూశావా అక్కా, నేను పోయానట. పువ్వులైనా పెట్టావు కాదు!" అని పగలబడి నవ్వాడు.

ఐడెల్లాకి నవ్వు రాలేదు. నిజం అతనితో చెప్పలేక, ఆ రికార్డు వేసిన కంపెనీకి మాత్రం ఆ వారమే ఉత్తరం రాసింది. వస్తున్నామని జవాబు వచ్చేలోపే ఆసాకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

అయినా ఆనాటి పొడుగాటి కుర్రాడే, ఇప్పుడు ఆ కంపెనీ మనిషి, టేపు మిషనుతో వచ్చాడు. ఐడెల్లాని చూడగానే గుర్తుపట్టాడు.

"మీరే కదమ్మా ఆ రోజు…"

"నేనే బాబూ. అబద్ధం చెప్పాను."

ఆమె తమ్ముడి వైపు తిరగలేకపోయింది.

"నాకు తెలుసులే" అన్నాడు ఆసా. "లాండ్రీ నుంచి వస్తూ మెట్ల పక్కనే ఉన్నాను."

"మరి పైకి రాలేదేం రా?"

"వస్తే లోపలున్న చర్చివాళ్లందరి ముందు నీ మాట పోయేది కదక్కా."

పియానో దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఒక్క ఎడమచేత్తో రెండు పాటలు వాయించాడు. కుడిచెయ్యి పాట పలికించాల్సిన వైపంతా ఖాళీ. ఆ మనిషి తల వంచుకుని టేపు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ టేపు రికార్డుగా రాలేదు.

ఫిబ్రవరిలో ఆసా నిజంగానే పోయాడు. చర్చిలో పాస్టరుగారు అతన్ని కష్టజీవి అనీ, నెమ్మదస్తుడు అనీ పొగుడుతుంటే ఐడెల్లా లేచి నిలబడింది.

"మా తమ్ముడు బ్లూస్ వాయించేవాడు. బూగీ వాయించేవాడు. బతికుండగానే వాణ్ణి చచ్చాడని చెప్పింది నేనే."

ఎవరూ ఆమెన్ అనలేదు. బయట, సమాధుల దారిలో, లవోనియా అనే ముసలావిడ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నీ ఇంట్లో భోజనానికి నేనూ ఉన్నాను. పిచ్చిదానా, మమ్మల్ని చూసి భయపడ్డావా? వయసులో మేమందరం మీ తమ్ముడి పియానోకి చెప్పులరిగేలా ఎగిరినవాళ్లమే!"

ఓదార్పుకే అంది. కానీ ఐడెల్లా ఆ చెయ్యి విడిపించుకుని, తడిగడ్డి మీద అలాగే చతికిలబడిపోయింది.