అత్త నమ్మని ఆకు

కిందటి నెల మా మేనత్త పోయిందని కబురొస్తే నేను నమ్మలేదు. చెప్పినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, ఎవరు చూశారు, డాక్టరు వచ్చాడా, నాడి ఎవరు పట్టుకున్నారని అడిగాను. ఆ తరవాతగానీ ఏడుపు రాలేదు. అలా ఆరా తియ్యడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. చక్కెర జబ్బేమో మావయ్యకి, గుండె ఆగిందేమో అత్తకి. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో మా వీధంతా శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళమే. వీధి మొత్తానికీ అత్తంటే అనుమానాల పుట్ట. పాలల్లో నీళ్ళు కలిపితే కలిపావు, ఆ నీళ్ళెక్కడివని పాలవాణ్ణి అడిగేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నమాట ఆవిడ నోట్లో ఎప్పుడూ ఆడుతుండేది. మావయ్యకి జబ్బుందని తేల్చిన బెంగాలీ డాక్టరునీ వదల్లేదు. అన్నం తగ్గించమంటున్నాడు సరే, ఆ దాదా తను తగ్గించాడా అని దారంతా గొణిగింది. అయినా మర్నాటి నుంచి మావయ్యకి రాగిపిండితో కాచిన చోడంబలి, కాకరకాయ, గోధుమ రొట్టె. మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేది. వర్క్‌షాపు గేటు దగ్గర టీ కొట్టుకి స్వయంగా వెళ్ళి, ఈయన గ్లాసులో చీనీ పడితే ఊరుకోనని హిందీలో చెప్పొచ్చింది.

ఆస్పత్రిలో నీలం మందూ గాజు గొట్టమూ ఇచ్చారు. పొద్దున్నే ఆ మందులో మావయ్య మూత్రం చుక్కలు వేసి కాచేది. నీలంగా ఉండిపోతే నిశ్చింత. ఇటుక రంగుకి తిరిగితే చక్కెర బాగా ఎక్కువైనట్టు. లోకంలో అబద్ధమాడదని ఆవిడ నమ్మింది ఆ గొట్టాన్నొక్కదాన్నే.

ఒక ఎండాకాలం పొడపత్రి ఆకూ, దాని పొడీ అమ్మే ఆయన మా వీధికొచ్చాడు. మాది సోంపేట దగ్గరన్నాడు. అచ్చం మా యాసే. అది వినేసరికి ఇంటింటా పీట వేసి కూర్చోబెట్టారు. మావయ్య చేత ఆకు నమిలించి, నోట్లో పంచదార వేశాడు. పంచదార కాస్తా ఇసకలా ఉందట, తీపన్నదే లేదట. నోట్లో తీపిని చంపిన ఆకు నెత్తుట్లో తీపిని వదుల్తుందా అన్నాడాయన. ఫిట్టరు మావయ్యకి అంతకన్నా ఏం కావాలి, పరీక్ష కళ్ళముందే అయిపోయింది. పొడి ఇంట్లోకొచ్చింది, మాత్రలు అటకెక్కాయి.

మన ఊరివాడు మనల్నెందుకు మోసం చేస్తాడన్నాడు మావయ్య.

"మనూరోడే మోసం సెయ్యగలడు," అంది అత్త. "పరాయోడి మాట మనం ఇంటామేటి?"

అప్పటికే మావయ్య కాలివేలికి ఇనప రేకు గీసుకుని పుండయింది. మానడం లేదు. పక్కవీధిలో ఒకాయనకి ఇలాగే మొదలై మోకాలిదాకా తీసేశారు. అత్త ప్రాణమంతా ఆ వేలి మీదే ఉండేది. మావయ్య మాత్రం పొడి పనిచేస్తోందంటూ నీలం మందు పరీక్షకి ఒప్పుకోలేదు. అత్త బతిమాలింది, తిట్టింది, చివరికి అన్నం మానేసి కూర్చుంది. దాంతో ఆయన లొంగాడు.

మందు కాగింది. నీలం పోయి ఇటుక రంగొచ్చింది. అత్త గొట్టాన్ని ఆయన ముందు పెట్టింది.

"నాలిక మోసపోనాది. నెత్తురు మోసపోనేదు," అని ఏడ్చేసింది.

ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. మావయ్య చొక్కా తొడుక్కుని, కుంటుకుంటూ ఆస్పత్రికి నడిచాడు. ఎంతో కాలం పట్టింది గానీ కాలు దక్కింది. ఆ ఆకులో గుణముందో లేదో నాకు తెలీదు. మాత్ర మానెయ్యమనే నోటిని మాత్రం ఈనాటికీ నమ్మను. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంటికి ఆ భూతమే కాపలా కాసింది. అందుకు ఆవిడకి దణ్ణం పెడుతున్నాను.

పెద్దకార్యం నాడు బంతిలో మావయ్య నా పక్కన కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు అందరితోపాటు ఆయన ఆకులోనూ బూరె వేసి ముందుకెళ్ళిపోయారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కాసేపు వంటింటి గుమ్మం వైపు చూసి, నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"ఎవలూ వొద్దనరేటి?"

బంతిలో వాళ్ళందరూ లేచి చేతులు కడుక్కుంటున్నారు. ఆయన మాత్రం బూరెని చూస్తూ అలాగే కూర్చున్నాడు.